నాన్నగారి ట్రంపెట్: ఇంట్లోనే బాగు చేసుకోవాలా, రిపేరు చేసేవాళ్లకి ఇవ్వాలా?

తణుకు_సత్య

మా నాన్నగారు ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించారు. ఆయన పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి ట్రంపెట్ అటక మీదే ఉంది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే పెట్టె జారి గచ్చు మీద పడింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. మౌత్‌పీస్ బిగుసుకుపోయింది, ఎంత లాగినా రావడం లేదు. మధ్య వాల్వు నొక్కితే లోపలే ఉండిపోతోంది, వేలితో కిందనుంచి నెట్టాలి. ఉమ్మి నీళ్లు వదిలే మీట దగ్గర బిరడా ఊడిపోయింది. బెల్లు (ముందు గంటలా విచ్చుకున్న భాగం) అంచున రెండు సొట్టలున్నాయి, ఒకటి పాతది, ఒకటి ఇప్పుడు పడింది.

బ్యాండు సామాను అమ్మే షాపులో చూపిస్తే మూడున్నర వేలు, ఇరవై రోజులు అన్నారు. అదే షాపువాళ్లు కొత్తదే ఆరు వేలకి ఇస్తామన్నారు. మా బావ మాత్రం "కటింగ్ ప్లయరు ఉంటే అరగంట పని, దీనికి వేలు పోస్తారా" అని పట్టుబట్టి కూర్చున్నాడు. వీడియోల్లో చూస్తే అందరూ ఇంట్లోనే చేసేస్తున్నారు. మా పాప ఆరో తరగతి, తాతయ్య ట్రంపెట్టే నేర్చుకుంటానంటోంది. ఇందులో ఇంట్లో ఏది చేయొచ్చు, ఏది ముట్టుకోకూడదు?

మూడో_వాల్వు

ముందు మీ బావగారి చేతిలోంచి ప్లయరు తీసుకోండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

బాకా_బాబ్జీ

మూడున్నర వేలు చాలా ఎక్కువ. బిరడా పది రూపాయల పని. వాల్వు కడిగి ఆయిల్ వేస్తే నూటికి తొంభై సార్లు ఆడుతుంది. నేను పదిహేనేళ్లుగా నా ట్రంపెట్ నేనే చూసుకుంటున్నాను, షాపు గుమ్మం తొక్కలేదు. సొట్టలంటారా, బెల్లు లోపల గుడ్డ చుట్టిన గరిటె కాడ పెట్టి మెల్లగా రుద్దితే వచ్చేస్తాయి.

మూడో_వాల్వు

బాబ్జీ గారూ, బిరడా సంగతి ఒప్పుకుంటాను. గరిటె కాడ మాత్రం ఒప్పుకోను. ఇత్తడిని కొట్టేకొద్దీ, రుద్దేకొద్దీ అది గట్టిపడుతుంది, సాగి పల్చబడుతుంది. ఒకచోట సొట్ట లేచినట్టే కనిపిస్తుంది, పక్కన చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ తర్వాత నిజమైన పనివాడి దగ్గరకు తీసుకెళ్లినా ఆ అలలు పూర్తిగా పోవు. మా నాన్న రాజమండ్రిలో బ్యాండు మాస్టరు. ఇంట్లో చిన్నప్పటి నుంచి చూశాను, సొట్ట తీయడానికి వేరే సామాను ఉంటుంది: గొట్టం లోపలికి పోయే రకరకాల సైజుల ఇనప గుండ్లు, బెల్లు ఆకారానికి సరిపోయే దిమ్మె, బాగా నునుపు చేసిన రుద్దుడు కడ్డీ. గరిటె కాడ ఆ పని చేయదు.

సత్య గారూ, ఒక ప్రశ్న. రెండు సొట్టల్లో పాతది ఎలా పడిందో తెలుసా?

తణుకు_సత్య

తెలుసు. నేను చిన్నగా ఉన్నప్పుడు భీమవరం పెళ్లికి లారీలో వెళ్తుంటే లారీ ఎగిరి పడిందట. నాన్న ట్రంపెట్‌ని గుండెకి ఆనించుకున్నారట, అంచు మాత్రం లారీ తలుపుకి తగిలింది. ఆ రాత్రి ఊరేగింపంతా అలాగే వాయించారని అమ్మ చెబుతుంది. ఎందుకు అడిగారు?

మూడో_వాల్వు

అందుకే అడిగాను. రిపేరుకిస్తే వాళ్లు అడగకుండానే రెండూ తీసేస్తారు. మీకు అది కావాలో వద్దో ముందే చెప్పండి. బెల్లు అంచున ఉన్న సొట్ట వల్ల శబ్దానికి పెద్దగా తేడా రాదు. మౌత్‌పీస్ నుంచి వాల్వుల వరకు వెళ్లే సన్న గొట్టంలో పడితే మాత్రం చిన్న సొట్టకే స్వరం, ఊపిరి రెండూ దెబ్బతింటాయి.

తణుకు_సత్య

ఆ సంగతి నాకు తట్టలేదు. పాతది ఉంచమని చెబుతాను.

ఫ్రిస్కో_నాన్న

మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అబ్బాయి మిడిల్ స్కూల్ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. మొదటి సంవత్సరమే మౌత్‌పీస్ ఇరుక్కుంది. నేను ఇంజినీర్ని కదా అని వైస్‌లో పెట్టి తిప్పాను. మౌత్‌పీస్ రాలేదు, గొట్టానికీ గొట్టానికీ మధ్య ఉండే అడ్డకడ్డీ అతుకు ఊడింది, సన్న గొట్టం కాస్త మెలిపడింది. అద్దెకు తెచ్చిన వాయిద్యం కాబట్టి నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో పోయింది, లేకపోతే సొంత డబ్బు పెట్టాల్సి వచ్చేది.

బాధపడిన విషయం ఏంటంటే, వాళ్ల బ్యాండు టీచరు సొరుగులోనే మౌత్‌పీస్ పుల్లరు ఉంది. పిల్లాడు అడిగి ఉంటే నిమిషంలో ఊరికే తీసి ఇచ్చేవారు. ఇక్కడ చాలా మ్యూజిక్ షాపుల్లో కూడా ఆ పనికి డబ్బు తీసుకోరు.

తణుకు_సత్య

పుల్లరు అంటే ఎలా ఉంటుంది?

రిపేరు_బాషా

నేను విజయవాడలో బ్యాండు వాయిద్యాలు రిపేరు చేస్తాను. 22 ఏళ్లుగా ఇదే పని. పుల్లరంటే మౌత్‌పీస్‌నీ దాన్ని పట్టుకున్న గొట్టం చివరనీ రెండు వైపులా పట్టుకునే చిన్న పట్టకార. రెండు మరలు ఉంటాయి. వాటిని ఒకటి తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే మౌత్‌పీస్ సూటిగా వెనక్కి వస్తుంది. మెలి పడదు. ప్లయరుతో ఏమవుతుందంటే మనిషి లాగడు, తిప్పుతాడు. ఆ గొట్టాన్ని పట్టి ఉంచేవి మాటు (టంకం) వేసిన అతుకులు మాత్రమే. మౌత్‌పీస్ కంటే ముందు అవే ఊడతాయి. నా దగ్గరకు వచ్చే ట్రంపెట్లలో చాలావాటికి అసలు జబ్బు చిన్నది, ఇంట్లో చేసిన వైద్యం పెద్దది.

మౌత్‌పీస్ తీయడానికి నేను డబ్బు తీసుకోను. వేరే రిపేరర్లు కూడా చాలామంది తీసుకోరు. దగ్గర్లో ఎవరున్నా అడగండి.

లేత్_మిషన్

నాకు సంగీతం రాదు, మిషన్ షాపు ఉంది. కానీ ఈ సమస్య మాకు రోజూ ఉండేదే. ట్రంపెట్ మౌత్‌పీస్ కాడ దాదాపు 20కి 1 వాలుతో (20 మిల్లీమీటర్ల పొడవుకి 1 మిల్లీమీటరు సన్నబడుతూ) ఉంటుంది, అంటే మా డ్రిల్ మిషన్లో బిట్టు పట్టే టేపరు లాంటిదే. అందుకే పడినప్పుడు లోపలికి కొట్టుకుని పట్టేసింది.

మరీ దూరం వెళ్లలేకపోతే ఇంట్లో ఒకటి చేసి చూడొచ్చు. మౌత్‌పీస్ కాడ చుట్టూ గుడ్డలో కట్టిన ఐసు పెట్టండి. బయటి గొట్టాన్ని మాత్రం గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో పట్టండి. ఇత్తడి డిగ్రీకి మీటరుకు సుమారు 19 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల కాడకి 50 డిగ్రీల తేడా వస్తే మిల్లీమీటరులో వందో వంతు. వినడానికి ఏమీ లేనట్టుంటుంది గానీ, 20కి 1 వాలులో ఆ వందో వంతు అంటే కాడ 0.2 మిల్లీమీటరు వెనక్కి వచ్చినంత వదులు. రెండు చుక్కలు పల్చటి ఆయిల్ వేసి, చెక్క గరిటెతో గొట్టం చుట్టూ తడుతూ సూటిగా లాగండి. తిప్పొద్దు. రెండు ప్రయత్నాల్లో రాకపోతే ఆపేయండి.

బాకా_బాబ్జీ

లెక్క బాగుంది అన్నా. నేను ఐసు ఒక్కటే పెట్టేవాణ్ణి, వేడి గుడ్డ సంగతి తెలియదు.

రిపేరు_బాషా

లేత్ గారు చెప్పింది సరైనదే. ఒక్కమాట, వేడి నీళ్లంటే గోరువెచ్చనే. మరిగే నీళ్లు పోస్తే పైన ఉన్న లక్క పూత పొరలుగా లేస్తుంది. గ్యాసు మంట అసలు దగ్గరకు తేవద్దు. ఈ అతుకుల మాటు 190 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఒక అతుకు కోసం మంట పెడితే పక్కవి రెండు జారతాయి.

సికింద్రాబాద్_సాక్సు

నా సాక్సాఫోన్ కూడా ఇత్తడిదే కదా, దానికీ ఇవన్నీ వర్తిస్తాయా?

మూడో_వాల్వు

ఒళ్లు ఇత్తడి, జాతి మాత్రం క్లారినెట్ జాతి. రెల్లు పుల్లతో పలికేది కాబట్టి దాన్ని ఇత్తడి వాయిద్యాల లెక్కలో వేయరు. దాని బాధలన్నీ ప్యాడ్లవి, మీటలవి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

సికింద్రాబాద్_సాక్సు

మా మాస్టారు ఇన్నాళ్లూ చెప్పలేదు ఈ కులగోత్రాలు 😄

మన్యం_మాస్టారు

మధ్య వాల్వు సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను పాడేరు దగ్గర స్కూల్లో పిల్లల బ్యాండు చూస్తాను. చలికాలంలో ఒక రోజు ప్రార్థనకి మా మూడు ట్రంపెట్ల వాల్వులూ కదల్లేదు. పిల్లలు ఏడుపు మొహం పెట్టారు. ఏంటా అని చూస్తే ఎవరో పెద్దాయన "నూనె వేస్తే బాగా ఆడుతుంది" అని కొబ్బరి నూనె వేయించారు. కొబ్బరి నూనె 24 డిగ్రీలు దాటి కిందికి వస్తే గడ్డకట్టడం మొదలవుతుంది, మా దగ్గర డిసెంబరులో తెల్లవారుజామున అంతకంటే చాలా తక్కువ. ఎండలో పెడితే కదిలాయి. ఆ తర్వాత అన్నీ విప్పి కడగాల్సి వచ్చింది, లోపల జిగురులా పట్టేసింది.

సత్య గారూ, మూడేళ్లు అటక మీదున్న వాయిద్యం కదా. నాన్నగారు చివర్లో ఏ నూనె వేసేవారో గుర్తుందా? ఎండిన నూనె కూడా వాల్వుని పట్టేస్తుంది. దెబ్బ వల్లే అనుకోనక్కర్లేదు.

తణుకు_సత్య

కుట్టు మిషన్ ఆయిల్ వేసేవారు. ఎర్ర మూత సీసా ఇంకా పెట్టెలోనే ఉంది.

చర్చి_యూఫోనియం

మా బాపట్ల వైపు చర్చి బ్యాండుల్లో కూడా అదే వేస్తారు. నేను ఇరవై ఏళ్లుగా యూఫోనియానికి మిషన్ ఆయిలే వాడాను, ఏమీ కాలేదు.

మూడో_వాల్వు

యూఫోనియం వాల్వు పెద్దది, మీరు ప్రతి ఆదివారం వాయిస్తారు. ట్రంపెట్‌లో వాల్వు లోపల ఆడే పిస్టనుకీ, అది దిగే గొట్టానికీ అంటే గూడుకీ మధ్య సందు తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. మిషన్ ఆయిల్ కాస్త చిక్కగా ఉంటుంది. వేగంగా వాయించేటప్పుడు పిస్టను పైకి రావడానికి బద్ధకిస్తుంది, వాడకుండా ఉంచేస్తే జిగురవుతుంది. అత్యవసరానికి తప్పు కాదు, మా నాన్న కూడా వేశారు. కానీ ఇప్పుడు వాల్వు ఆయిల్ సీసా దొరుకుతోంది కదా, ఏడాదికి ఒకటి రెండు సీసాలు చాలు.

బాకా_బాబ్జీ

పాతకాలపు మాస్టర్లు కిరసనాయిలు కలిపేవారు. వాసన భరించాలి గానీ బ్రహ్మాండంగా ఆడేది.

మన్యం_మాస్టారు

ఆ వాసన ఊపిరితో పిల్లల నోట్లోకి పోతుంది బాబ్జీ గారూ. మా స్కూల్లో నేను ఒప్పుకోను.

రిపేరు_బాషా

వాల్వుకి ముందు కడుగుడే. సత్య గారూ, ఇది మీరు ఇంట్లో చేయొచ్చు, చేయండి కూడా. ఒకేసారి ఒక్క వాల్వే విప్పండి. మూడూ విప్పి పళ్లెంలో పెడితే ఏది ఎక్కడిదో కలిసిపోతుంది. పిస్టను మీద 1, 2, 3 అని అంకె ఉంటుంది. ఒకదాని గూట్లో ఇంకొకటి పెడితే గాలి పోదు. "ట్రంపెట్ చచ్చిపోయింది" అని నా దగ్గరకు తెచ్చేవాళ్లలో ఈ కేసులు ఎన్నో ఉంటాయి. సరిగ్గా పెట్టి ఇస్తే పలుకుతుంది, నేను టీ డబ్బులు కూడా అడగను.

స్ప్రింగు, ఫెల్టు వాషర్లు పక్కన పెట్టండి, అవి తడవకూడదు. పిస్టనునీ గూడునీ గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి గుడ్డతో కడగండి. పుల్లకి గుడ్డ చుట్టి గూట్లో తిప్పండి, పుల్ల చెక్కదే ఉండాలి. ఆరాక ఆయిల్ వేసి, చాలా ట్రంపెట్లలో అంకె మౌత్‌పీస్ వైపు ఉండేలా దించి, టిక్కుమనే దాకా కొద్దిగా తిప్పండి.

కడిగాక కూడా పట్టేస్తే పై మూత విప్పి, కాడని పట్టుకుని పిస్టనుని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. అప్పుడు హాయిగా ఆడితే కాడో మూతో వంగింది. అప్పుడు కూడా పట్టేస్తే గూడు నొక్కుకుంది. మధ్య వాల్వుకి ఉండే చిన్న స్లైడు (లాగితే జరిగే గొట్టం ముక్క) బయటికి పొడుచుకుని ఉంటుంది. ట్రంపెట్ పక్కకి పడితే ఆ స్లైడు పోయి గూటిని నొక్కుతుంది. మీది అదేనని నా అనుమానం. అదైతే ఆగండి, ఎవరైనా జీరో పేపరు (సన్న గరుకు కాగితం) తెస్తే వాళ్లని ఇంట్లోకి రానివ్వకండి.

సికింద్రాబాద్_సాక్సు

జీరో పేపరుతో కొద్దిగా రుద్దితే ఏమవుతుంది? లోహమే కదా, లక్షణంగా నున్నబడుతుంది.

రిపేరు_బాషా

నున్నబడుతుంది, సన్నబడుతుంది కూడా. గూడు ఒకచోట నొక్కుకుంటే మనం పిస్టను చుట్టూ అరగదీస్తాం. ఆ రోజు ఆడుతుంది. తర్వాత గూడు సరిచేయించినా పిస్టను చుట్టూ గాలి కారుతుంది. కారిన గాలిని మళ్లీ తేవడానికి పిస్టనుకి కొత్త పూత వేయించి, గూటికి సరిపోయేలా మళ్లీ సానపట్టాలి. ఆ ఖర్చు మామూలు ట్రంపెట్ ధర కంటే ఎక్కువ. అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

చర్చి_యూఫోనియం

అన్నీ రిపేరు చేసేవాళ్లే బాగా చేస్తారని కూడా అనుకోకండి. మా చర్చి ట్రంపెట్‌ని ఒకాయనకిచ్చాం. ఆయన చేసింది సరిగ్గా బాషా గారు వద్దన్నదే, పిస్టన్లు మూడూ అరగదీసి ఇచ్చాడు. ఇచ్చిన రోజు గాలిలో తేలినట్టు ఆడాయి. క్రిస్మస్‌కి వాయిస్తుంటే పై స్వరాలు రాలేదు. ఊపిరి సగం ఎటో పోతోంది. పైగా అతుకు వేసిన చోట లక్క మాడి నల్లటి మచ్చ. డబ్బులిచ్చి పాడు చేయించుకున్నాం. మెకానిక్ అని బోర్డు ఉంటే చాలదు.

తణుకు_సత్య

అదే నా టెన్షన్. మంచివాడో కాదో నాలాంటివాడికి ఎలా తెలుస్తుంది? నాకు వాయించడం కూడా రాదు.

మూడో_వాల్వు

ఒక పరీక్ష చెబుతాను, వాయించడం రాకపోయినా చేయొచ్చు. ఇచ్చేముందు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి చేయండి. వాల్వు నొక్కకుండా ఆ వాల్వు స్లైడుని సగం బయటికి లాగండి. ఐదారు సెకన్లు ఆగి అప్పుడు వాల్వు నొక్కండి. "టప్"మని గట్టిగా శబ్దం వస్తే గాలి కారడం లేదు. మెత్తగా వచ్చినా, అసలు రాకపోయినా కారుతోంది. రిపేరు తర్వాత ఆ శబ్దం తగ్గిందంటే వాల్వుని అరగదీశారని అనుమానించాలి.

ఇంకోటి, ఇచ్చే ముందు అడగండి: సొట్ట దేంతో తీస్తారు? చూపిస్తారా? మంచి పనివాడు సంతోషంగా సామాను చూపిస్తాడు. నాలుగు పాత వాయిద్యాలు విప్పి బల్ల మీద ఉంటాయి. ఇంకా చెప్పాలంటే, ట్రంపెట్ పుచ్చుకోగానే ఊది చూసేవాడైతే సగం నమ్మొచ్చు.

రిపేరు_బాషా

నిజం. నేను ఊదకుండా బేరం మాట్లాడను.

బుడితి_అల్లుడు

ఎవరూ చెప్పని దారి ఒకటి ఉంది. మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లా బుడితి. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. మీ తణుకు దగ్గరే అజ్జరం ఉంది కదా, అక్కడ ఇత్తడి బిందెలు, గంగాళాలు చేస్తారు. సొట్టలు తీయడంలో వాళ్లని మించినవాళ్లెవరు? మా మామగారు ఒక పెళ్లి బ్యాండువాళ్ల బెల్లు సొట్ట చెక్క సుత్తితో పది నిమిషాల్లో తీసి ఇచ్చారు. అద్దంలా ఉంది.

మూడో_వాల్వు

బెల్లుకైతే ఆయన చేయి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. బెల్లు బయటి భాగం ఒక రకంగా గిన్నే. కానీ బెల్లు తర్వాత వంపు నుంచి లోపలంతా గిన్నె కాదు. గిన్నెలోంచి నీళ్లు కారకుండా ఉంటే చాలు, ఇక్కడ గొట్టం లోపలి గాలి స్తంభం సరిగ్గా ఉండాలి. గొట్టం వ్యాసం ఎక్కడ ఎంత ఉండాలో దాన్ని బట్టే స్వరం.

బుడితి_అల్లుడు

మా మామగారిని అడిగాను. "గొట్టం లోపల నా చేయి పోదు, అది నా పని కాదు" అన్నారు. మీరు చెప్పిందే ఆయనా చెప్పారు. బెల్లు మాత్రం తెమ్మంటున్నారు.

తణుకు_సత్య

మామగారికి నమస్కారం చెప్పండి. తన పని ఎక్కడి వరకో చెప్పే మనిషి దొరకడం కష్టం.

కొత్తగా_చేరాను

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను సెకండ్ హ్యాండ్ ట్రంపెట్ కొన్నాను. సన్న గొట్టం మీద గులాబీ రంగు చుక్కలున్నాయి. మా అమ్మ పూజ సామాను తోమినట్టు చింతపండుతో తోమింది. మొత్తం మెరిసింది గానీ ఆ చుక్కలు మాత్రం ఇంకా ఎర్రబడ్డాయి. తర్వాత పీతాంబరి కూడా వేసింది. ఇది తుప్పా?

మన్యం_మాస్టారు

అమ్మగారికి కోపం రాకుండా చెప్పండి, ఇత్తడి చెంబుకి చింతపండు అమృతం, ట్రంపెట్‌కి కాదు. ముఖ్యంగా పౌడరు వాల్వుల్లోకి పోతే గరుకు రేణువులు పిస్టన్లని గీస్తాయి. మళ్లీ విప్పి నీళ్లతో బాగా కడిగేయండి.

రిపేరు_బాషా

ఇత్తడి అంటే రాగి, జింకు. మామూలు పసుపు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఉమ్మిలోని ఆమ్లం ఏళ్ల తరబడి గొట్టం లోపల నిలిచిపోతే జింకు మెల్లగా కరిగిపోతుంది, రాగి మిగులుతుంది. మీరు చూసే గులాబీ రంగు ఆ మిగిలిన రాగిది. లోపల మొదలై బయటికి వస్తుంది. చింతపండుతో అమ్మగారు తోమినప్పుడు పైపూత పోయి బాగా కనబడింది, అంతే. మచ్చ మధ్యలో ముదురు చుక్క ఉందేమో చూడండి. ఉంటే గొట్టం అక్కడ బలహీనపడింది. దానికి పాలిష్ మందు లేదు. గొట్టం మార్చాలి.

ఖరీదైన ట్రంపెట్లలో సన్న గొట్టానికి 85 పాళ్ల రాగి ఉన్న ఎర్ర ఛాయ ఇత్తడి వాడేది ఇందుకే, జింకు తక్కువైతే ఈ జబ్బు తక్కువ.

కొత్తగా_చేరాను

ముదురు చుక్క ఉంది. రెండు చోట్ల 😟

బాకా_బాబ్జీ

అమ్మినవాణ్ణి పట్టుకోండి ముందు.

లేత్_మిషన్

అది వాడు చూసుకుంటాడు గానీ, అసలు ప్రశ్నకి వద్దాం. సత్య గారి షాపువాళ్లు మూడున్నర వేలకి ఏం చేస్తారో రాసిచ్చారా? మా దగ్గర ఎవరైనా పార్టు తెస్తే ఏ పని ఎంత అని విడివిడిగా రాస్తాను.

తణుకు_సత్య

లేదు, మొత్తం కలిపి చెప్పారు. నికెలు పాలిష్ కూడా అందులో ఉందన్నారు.

రిపేరు_బాషా

అక్కడే ఉంది విషయం. పాలిష్ వద్దనండి. పాలిష్ చక్రం మీద పెట్టిన ప్రతిసారీ కొంత ఇత్తడి పోతుంది, చెక్కిన అక్షరాలు చెదిరిపోతాయి. నాన్నగారి ట్రంపెట్ మీద పేరేమైనా చెక్కి ఉందా?

తణుకు_సత్య

బెల్లు మీద మీరట్ కంపెనీ ముద్ర ఉంది. దాని కింద నాన్న మేకుతో గీసుకున్న రెండక్షరాలు.

రిపేరు_బాషా

అయితే అస్సలు వద్దు. మీరట్ జలీ కోఠీలో తయారైనవే మన పెళ్లి బ్యాండుల్లో ఎక్కువ. అక్కడ నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి ఉంది. స్ప్రింగులు, ఫెల్టులు, బిరడాలు నాకు ఇప్పటికీ అక్కడి నుంచే వస్తాయి, కాబట్టి మీ దానికి సామాను దొరకదన్న భయం లేదు.

మూడో_వాల్వు

ఆరు వేలకి కొత్తది అన్నారు కదా, డబ్బు లెక్క ఒక్కటే అయితే ఆ ఆశ తప్పు కాదు. కానీ కొత్త చవక ట్రంపెట్‌లో వాల్వులు బాగుంటాయన్న హామీ లేదు. నాన్నగారిది ముప్పై ఏళ్లు ఆయన వేళ్ల కింద ఆడి కుదురుకుంది. గూడు ఒక్కటే సరిచేస్తే పాపకి అదే మెరుగు. ఇది జాలితో చెప్పడం లేదు, వాయించేవాడిగా చెబుతున్నాను.

ఫ్రిస్కో_నాన్న

బిరడా మాత్రం మీరే వేయండి సత్య గారూ. నేను వేశాను, పిల్లాడు కూడా నేర్చుకున్నాడు.

బాకా_బాబ్జీ

పాత హోమియో మందు సీసాల బిరడా ఉంటే దానిని బ్లేడుతో ముక్క కోయండి. మీట కప్పులో సరిగ్గా కూర్చోవాలి, పైభాగం చదునుగా ఉండాలి. చిన్న చుక్క గమ్ము చాలు. తర్వాత మౌత్‌పీస్ వైపు నుంచి ఊది, రంధ్రం దగ్గర తడి వేలు పెట్టి చూడండి. గాలి తగిలితే మళ్లీ కోయాలి. ఇది నా పదిహేనేళ్ల పద్ధతి, ఇందులో బాషా గారు కూడా తప్పు పట్టలేరు.

రిపేరు_బాషా

పట్టను. ఒక్కటే, ఎంసీల్ మాత్రం ఎక్కడా పెట్టకండి. కారే అతుకు మీద అది పూసి తెస్తారు. దాన్ని పూర్తిగా గీకి తీసేదాకా మాటు అంటదు, ఆ గీకడానికే గంట పడుతుంది.

తణుకు_సత్య

నిన్న ఆదివారం మొదలుపెట్టాను. బావకి చెక్క గరిటె ఇచ్చి ప్లయరు దాచేశాను. ఐసు, వేడి గుడ్డ పద్ధతి రెండుసార్లు చేశాం, మౌత్‌పీస్ రాలేదు. లేత్ గారు చెప్పినట్టు ఆపేశాం. మొదటి, మూడో వాల్వులు కడిగాను, నీళ్లు టీ రంగులో వచ్చాయి. "టప్" పరీక్షలో ఆ రెండూ గట్టిగా పలికాయి. రెండోది కడిగాక కూడా పట్టేస్తోంది, పై మూత విప్పినా అంతే. అంటే గూడే కదా?

రిపేరు_బాషా

గూడే. మీరు ఆపాల్సిన చోట ఆపారు. విజయవాడ రాగలిగితే రండి. కానీ ఇప్పుడు మాఘమాసం, ముహూర్తాలు. బ్యాండువాళ్లవన్నీ రాత్రికి ఇచ్చి పొద్దున్నకి కావాలంటారు. మామూలుగా ఇలాంటి నింపాదైన పని ఆషాఢంలోనో మూఢంలోనో తీసుకుంటాను. మీది పాప కోసం కాబట్టి మంగళవారం ఖాళీ చేసుకుంటాను, దగ్గరుండి చూడొచ్చు.

మూడో_వాల్వు

వెళ్లేటప్పుడు మెత్తటి దుప్పటిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని వెళ్లండి. బస్సు పైన వేయొద్దు.

తణుకు_సత్య

వెళ్లొచ్చాం. పాపని కూడా తీసుకెళ్లాను. మౌత్‌పీస్ పుల్లరుతో లెక్కపెడితే ఇరవై సెకన్లు పట్టింది. రెండో వాల్వు స్లైడు మాటు విడదీసి, గూటిలో ఉక్కు కడ్డీ దించి, బయటినుంచి చాలా చిన్నగా తడుతూ సరిచేశారు. మధ్య మధ్యలో పిస్టను దించి చూడటం, మళ్లీ తీయడం. దాదాపు గంటన్నర. మళ్లీ మాటు వేశారు, లక్క మాడలేదు. కొత్త సొట్ట తీశారు, లారీ సొట్ట అలాగే ఉంది. మొత్తం 1,200 తీసుకున్నారు. బిరడా నేను వేసిందే ఉంచారు, "బాగానే కోశారు" అన్నారు.

రెండో వాల్వు నొక్కితే స్వరం అరమెట్టు దిగుతుంది, మొదటిది ఒక మెట్టు, మూడోది ఒకటిన్నర అని పాపకి అక్కడే చూపించారు. దారంతా గాలిలో వేళ్లు ఆడిస్తూనే ఉంది. ఇంటికొచ్చాక "బ్ర్ర్" తప్ప ఇంకా ఏమీ రాలేదు. అమ్మ మాత్రం అదే పది నిమిషాలు కూర్చుని విన్నది.

బాకా_బాబ్జీ

బాషా గారూ, 1,200కి ఆ పని అంటే నేను ఇన్నాళ్లూ మీ దగ్గరకు రాకపోవడం తప్పే. నా మూడో స్లైడు ఐదేళ్లుగా కదలదు, తీసుకొస్తాను.

రిపేరు_బాషా

గుడ్డ కట్టి ఝాడించి లాగారా ఇప్పటికే?

బాకా_బాబ్జీ

లాగాను.

రిపేరు_బాషా

సరే, ఇక లాగకండి. అలాగే తెండి.

మన్యం_మాస్టారు

సత్య గారూ, పాపకి మొదటి నెల మౌత్‌పీస్ ఒక్కదాన్నే ఊదించండి, రోజూ ఐదు నిమిషాలు. పెదాలు అలవాటవుతాయి. వాయించాక మౌత్‌పీస్ తీసి విడిగా పెట్టడం కూడా ఇప్పుడే నేర్పండి.

కొత్తగా_చేరాను

బాషా గారూ, నా గులాబీ మచ్చల గొట్టం మాట. మీరట్ నుంచి కొత్త గొట్టం నేనే తెప్పించుకుని తెస్తే వేసిపెడతారా? ఆన్‌లైన్‌లో ఒకటి కనిపించింది.

రిపేరు_బాషా

ఇంకా కొనకండి. పొడవు, లోపలి వాలు రెండూ మీ ట్రంపెట్‌కి కలవాలి, ఫొటో చూసి చెప్పలేం. ముందు వాయిద్యం తెండి, కొలిచి చెబుతాను. గొట్టం మార్చే ఖర్చు మీరు కొన్న ధరకి దగ్గరగా వస్తే అది కూడా అప్పుడే చెబుతాను.